జనరల్‌గారి కన్ను

ఎమరీ టాలివర్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి గుండె లేదని శనివారం పొద్దున్న ఎనిమిది గంటలకి, ప్లేట్లలో గుడ్లు చల్లారకముందే, ముగ్గురు పెద్దమనుషులు తేల్చేశారు.

"అన్నీ ఉన్నాయి," అన్నాడు లొరెన్ బిట్‌నర్, రొట్టెముక్క నాలుగు మూలలకీ వెన్న సమానంగా పూస్తూ. "ఎత్తుంది. చేతులు చూస్తే మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి. అరచేతిలో బంతి నిమ్మకాయలా ఉంటుంది. దేవుడు గుండె ఒక్కటి పెట్టడం మర్చిపోయాడు."

"ఎత్తు నిజం ఎత్తేనా, కాగితం మీద ఎత్తా?" అని అడిగాడు ఫిల్ మకావ్. అతను పళ్ళ డాక్టరు. ఎవరేం చెప్పినా ఎక్స్‌రే తీయందే నమ్మడు.

"నిన్న వాళ్ళ ఆటకి వెళ్ళి, బట్టలు మార్చుకునే గది గుమ్మం పక్కనే కాపేసి నిలబడ్డాను. గుమ్మం ఆరడుగుల ఎనిమిదంగుళాలు. ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఇళ్ళు కొలుస్తున్నవాణ్ణి, నాకు టేపు అక్కర్లేదు. జుట్టు తగిలింది. జుట్టు తీసేస్తే ఆరూ ఏడున్నర."

"చూశావా! జుట్టు కూడా కలిపి చెప్పుకుంటున్నారు," అన్నాడు ఇన్సూరెన్సు డుయేన్ ష్రేడర్, తనకి లేని జుట్టుని అరచేత్తో సవరించుకుంటూ. "అక్కడే తెలిసిపోతోంది, మనిషి సంగతి."

కార్మోడీ స్టేట్ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు గుర్తు కంచరగాడిద. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని ఆ ఊళ్ళో పెద్దమనుషులంతా చలికాలం నాలుగు నెలలూ గాడిద బొమ్మ చొక్కాలు వేసుకుని, గాడిద బొమ్మ టోపీలు పెట్టుకుని తిరుగుతారు. ఎవరికీ ఏమీ అనిపించదు. ఈ ఏడు జట్టు దగ్గర ఒకే ఒక్క స్కాలర్‌షిప్పు మిగిలింది. దానికి ఇద్దరు కుర్రాళ్ళున్నారు. ఒకడు ఈ టాలివర్. యాభై మైళ్ళ అవతల హార్లన్ జంక్షన్‌లో నానమ్మ దగ్గర పెరిగిన నల్లవాడు. రెండోవాడు కోల్ హైన్స్. ఈ ఊరి మందుల షాపాయన కొడుకు. వచ్చే శనివారం టాలివర్ కాలేజీ చూడ్డానికి వస్తున్నాడు. ఆదివారానికల్లా కోచ్ ఎవరో ఒకరిని ఖాయం చేస్తాడు.

కోల్ గురించి మాట్లాడేటప్పుడు ముగ్గురి నోటా కష్టజీవి, బుర్రున్నవాడు, పెంపకం అనే మాటలు వచ్చేవి. టాలివర్ గురించైతే పుట్టుకతో వచ్చిన బలం, బద్ధకం, ముఖంలో ఏ భావమూ లేకపోవడం వచ్చేవి. ఈ మాటలు ఇలా విడివిడిగా ఎందుకు పడుతున్నాయో వాళ్ళెప్పుడూ ఆలోచించలేదు. కోల్ తండ్రి వీళ్ళ చర్చికే వస్తాడు, అంతే.

"అందరూ ఆట చూస్తారు," అన్నాడు లొరెన్, తన నోటుబుక్కు తెరిచి. గళ్ళ కాగితాల పుస్తకం అది. ఎడమ పేజీల్లో జనం ఇళ్ళ కొలతలుంటాయి, కుడి పేజీల్లో కుర్రాళ్ళుంటారు. "ఆట ఆగినప్పుడు ఏం చేస్తున్నాడో నేను చూస్తాను. పక్కవాడు పడిపోతే లేపాడా? ఒకసారి లేపాడు, ఒకసారి చూస్తూ నిలబడ్డాడు. బాస్కెట్ పడితే ఎగిరాడా? ఎగరలేదు. ఇహ అసలు సంగతి. రెండో సగంలో పదకొండుసార్లు అందరూ బంతి వెనక పరిగెత్తారు. వీడు నడిచాడు. లెక్కపెట్టాను. పదకొండు."

"నడిచాడా!" అన్నాడు ఫిల్. బయట కారు నిలిపి లోపలికి నడిచొచ్చినందుకు అతనికి ఇంకా రొప్పు తగ్గలేదు.

"నడిచాడు. అత్తారింటికి వెళ్తున్నట్టు నడిచాడు."

"మరి బంతి?"

"బంతి వాడి చేతికే వచ్చింది."

"పదకొండుసార్లా?"

"అదృష్టం," అన్నాడు లొరెన్. "గుండె లేని అదృష్టవంతుడు."

ముగ్గురూ తలలూపారు. కాఫీ పోయడానికి వచ్చిన హోటలు మనిషి రోండా కూడా ఏమీ అనలేదు. పదహారేళ్ళుగా ఆ టేబుల్‌కి కాఫీ పోస్తోంది, ఏమీ అనకపోవడం ఎప్పుడో నేర్చుకుంది.

ఆ మధ్యాహ్నం లొరెన్ ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని కంచరగాడిదల అభిమానుల చర్చావేదికలో ఆ సంగతంతా నాలుగు పేజీలు రాశాడు. అక్కడ అతని పేరు ఫ్లోర్ జనరల్, అంటే కోర్టులో ఆట నడిపే సేనాపతి. జనరల్ కన్ను పడిందంటే ఇక తిరుగులేదని ఆ నాలుగువేల మందికీ నమ్మకం. సహాయ కోచ్ కూడా దొంగచాటుగా చదువుతాడని ఒక వదంతి. ఆ వదంతిని ఎనిమిదేళ్ళ కిందట పుట్టించింది లొరెనే. ఈమధ్య అతనే దాన్ని నమ్మడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి రెండువందల పన్నెండు మంది కింద రాశారు. టాలివర్ ఆట వాళ్ళలో ఎవరూ చూడలేదు. గుండె లేదని మాత్రం అందరికీ తెలుసు.

సోమవారం లొరెన్ తివాచీల షాపులో ఫోన్ మోగింది.

"బిట్‌నర్ ఫ్లోర్సా? హాలుకీ నడవకీ కార్పెట్ వెయ్యాలి బాబూ. వచ్చి కొలుస్తారా? మాది హార్లన్ జంక్షన్. ఒడెస్సా టాలివర్."

లొరెన్ పేరు స్పెల్లింగ్ అడిగాడు. రాసుకున్నాడు. మళ్ళీ అడిగాడు.

మొదట్నించీ అతని దగ్గర కార్పెట్లు పరిచే వెండెల్ అప్పటికే టేపు జేబులో పెట్టుకుని, తోలు మోకాలి పట్టీలు భుజాన వేసుకున్నాడు. కొలతలకి వెళ్ళేది ఎప్పుడూ అతనే.

"నువ్వుండు, నేను వెళ్తాను," అన్నాడు లొరెన్.

"నువ్వా? నువ్వు టేపు పట్టి రెండేళ్ళయింది." వెండెల్ కాగితం మీది పేరు చూశాడు. "ఓహో. ఒరేయ్ లొరెన్, చందాలిచ్చేవాళ్ళు ఆ పిల్లల జోలికెళ్ళకూడదని ఏదో ఉంది కదరా?"

ఉంది. జట్టుకి డబ్బు పోగుచేసే అభిమానుల క్లబ్బుకి, అదే బూస్టర్ల క్లబ్బుకి, చందా ఇచ్చిన ప్రతివాడికీ ఏటా ఆగస్టులో ఒక నీలం పుస్తకం వస్తుంది. జట్టులోకి రాబోయే కుర్రాడితో చందాదారుడు ఆట గురించి మాట్లాడకూడదు, మా కాలేజీకి రా అనకూడదు అని నాలుగో పేజీలో ఉంటుంది. అలా అన్నారంటే ఆ కుర్రాణ్ణి కాలేజీ వదులుకోవాల్సి రావచ్చు. క్లబ్బు భోజనాల రోజున ఆ పేజీ మైకులో చదివి వినిపించేది ఎవరంటే, లొరెన్ బిట్‌నరే. పోయినేడు మధ్యలో నవ్వినందుకు ఫిల్‌ని లేచి నిలబడమని కూడా అన్నాడు.

"అది ఆట గురించి," అన్నాడు లొరెన్ టేపు లాక్కుంటూ. "ఇది వ్యాపారం."

మంగళవారం మూడున్నరకి అతను హార్లన్ జంక్షన్‌లో ఆ ఇంటి తలుపు తట్టాడు. ఒడెస్సా టాలివర్ పొట్టి మనిషి. స్కూలు బస్సు నడిపి అప్పుడే వచ్చినట్టుంది, పసుపు రంగు కోటు ఇంకా విప్పలేదు.

"రేడియోలో గాడిదల ఆట మధ్యలో మీ ప్రకటన వింటుంటాం," అంది. "మీ పాదాల కింద ఎవరున్నారూ అని ఒకాయన అరుస్తాడు చూడండి."

"అది నేనేనమ్మా."

"అంత అరవక్కర్లేదు," అంది ఆమె. "రండి. ఇదిగో, ఇదీ కార్పెట్. ఇరవై రెండేళ్ళయింది. శనివారం మావాడు కాలేజీ చూసొచ్చాక కోచ్‌గారు ఇంటికి వస్తానన్నారు. ఈ మరకల మీద కూచోబెట్టనా ఆయన్ని?"

లొరెన్ హాలు కొలవడం మొదలుపెట్టి, కొలుస్తూ కొలుస్తూ వంటగదిలోకి వెళ్ళిపోయాడు. వంటగదికి కార్పెట్ అడగలేదు. ఫ్రిజ్ మీద ఉత్తరాలు కనిపించాయి. అయస్కాంతాలతో వరసగా అంటించి ఉన్నాయి. పోటీ కాలేజీలు ఎవరెవరు రాస్తున్నారో చూద్దామని దగ్గరికెళ్ళి కళ్ళజోడు ఎత్తి లెక్కపెట్టాడు. పదకొండు. పదకొండూ కార్మోడీ నుంచే. అన్నిట్లోనూ అదే మాటర్, అదే చోట, అదే సంతకం. ముద్ర వేసిన సంతకం. మధ్యలో ఉన్నదానికి పైన ఎవరో నక్షత్రం అంటించారు.

ఇంకెవరూ రాయలేదన్నమాట. ఇంతేనా అనిపించింది. నోటుబుక్కులో అంగుళాలు వేయాల్సిన చోట ఉత్తరాల లెక్క వేశాడు, కొట్టేసి మళ్ళీ రాశాడు.

ఎమరీ స్కూలు నుంచి వచ్చాడు. గుమ్మం దగ్గర తల వంచి లోపలికొచ్చి, "నమస్తే సార్" అని, బూట్లు విప్పి పక్కన పెట్టాడు. ముఖంలో ఏ భావమూ లేదు. లొరెన్ మనసులోనే టిక్కు పెట్టుకున్నాడు.

తర్వాతి ఇరవై నిమిషాల్లో ఏం జరిగిందో లొరెన్‌కి వెంటనే అర్థం కాలేదు. కిటికీ వైపు గోడ కొలుద్దామని తిరిగాడు. సోఫా అడ్డముండాలి. లేదు. అప్పటికే జరిగి ఉంది. టేపు లాగి, రెండో కొస ఎవరైనా పట్టుకోండి అనబోయాడు. కొస అవతలి మూల కుర్రాడి వేళ్ళ మధ్య ఉంది. నోటుబుక్కులో రాసుకుంటూ వెనక్కి అడుగేశాడు. అక్కడ బల్ల ఉండాలి, నడుముకి తగలాలి. తగల్లేదు. బల్ల పక్క గోడకి చేరింది. కుర్రాడు గబగబా నడిచినట్టు గాని, వస్తువు లాగిన చప్పుడు గాని లేదు. అసలు కదులుతున్నట్టే లేదు. కానీ ప్రతిసారీ ముందే అక్కడున్నాడు.

లొరెన్ లెక్క తేల్చాడు. కార్పెట్ చుట్ట పన్నెండడుగుల వెడల్పు ఉంటుంది. హాలుకి పోగా మిగిలిన ముక్క అడ్డంగా తిప్పితే నడవకి సరిపోతుంది. అలాగే గీశాడు.

"సార్, ఒకటి అడగొచ్చా?" అన్నాడు ఎమరీ, గీత వైపు చూస్తూ.

"అడుగు నాయనా."

"ఈ ముక్కని అడ్డంగా తిప్పి వేస్తారా?"

"వేస్తాను. ఏం?"

ఎమరీ బల్ల మీది నమూనా ముక్క తీసి కిటికీ వెలుతురులో నేలమీద పెట్టాడు. లేత గోధుమ రంగు. దాన్ని పక్కకి తిప్పాడు. పీచు వాలు మారింది, ముక్క కాస్త ముదురుగా కనిపించింది. మళ్ళీ తిప్పాడు. లేతగా అయింది.

"గుమ్మం దగ్గర రెండూ కలిసిన చోట, రెండు వేరే కార్పెట్లు వేసినట్టుంటుందేమో సార్."

పనిలో చేరిన ప్రతివాడికీ లొరెన్ మొదటి రోజే చెప్పే పాఠం అది. వాళ్ళకి ఆరు నెలలకి గాని తలకెక్కదు. ముప్పయ్యొక్క ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి ఫ్రిజ్ మీది ఉత్తరాలు లెక్కపెట్టే ధ్యాసలో ఇప్పుడు దాన్నే మర్చిపోయాడు.

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్. ఇందాక మీరు బల్ల మీద పెట్టినప్పుడు తిరిగింది. అప్పుడు చూశాను."

లొరెన్ గీత కొట్టేశాడు. నోటుబుక్కులో ఎదురుగా కుడి పేజీ ఉంది. పదకొండు అన్న అంకె కింద రెండు గీతలు ఉన్నాయి.

"శుక్రవారం నీ ఆట చూశాను," అన్నాడు. నీలం పుస్తకం నాలుగో పేజీ అతనికి గుర్తుకొచ్చింది. వచ్చి పోయింది. "అందరూ పరిగెత్తుతుంటే నువ్వు నడిచావేం?"

ఎమరీ నానమ్మ వైపోసారి చూశాడు. ఆమె వంటగదిలో ఉంది. "ఎప్పుడు సార్?"

"రెండో సగంలో. పదకొండుసార్లు."

"పరిగెత్తే పని పడలేదేమో సార్. బంతి అక్కడికే వస్తుంది కదా."

"వస్తుందని నీకెలా తెలుసు?"

"వాళ్ళలో ఆ ఎర్రజుట్టు అబ్బాయి బంతి వేసేముందు ఎడమ మడమ లేపుతాడు. లేపితే కుడివైపు పడుతుంది. లేపకపోతే ముందుకి పడుతుంది." కుర్రాడు కొంచెం ఇబ్బందిగా నిలబడ్డాడు. "మా కోచ్‌గారు మాత్రం పరిగెత్తమనే అంటారు సార్. చూసేవాళ్ళకి బాగుంటుందని."

లొరెన్ నోటుబుక్కు మూశాడు. "నువ్వు కార్మోడీకి రావాలి," అన్నాడు. "వచ్చి తీరాలి. వింటున్నావా?"

"థాంక్యూ సార్," అన్నాడు ఎమరీ.

వెండెల్‌కి చూపించడానికని లొరెన్ నమూనా ముక్కకి వెలుతురులో ఫోన్‌తో ఫోటో తీశాడు. టేపు కొస పట్టుకుని ఎమరీ కూడా అందులో పడ్డాడు.

కారెక్కినప్పుడు లొరెన్‌కి నిజంగానే సిగ్గేసింది. రోడ్డు మీది మొదటి పెట్రోలు బంకు దాకా సిగ్గుపడుతూనే నడిపాడు. రెండో బంకు దగ్గర, తప్పు ఒప్పుకోవడానికి ఎంత పెద్ద మనసు కావాలో ఆలోచించాడు. మూడో బంకు దాటేసరికి, ఇంతమందిలో ఆ కుర్రాణ్ణి కనిపెట్టింది తనొక్కడేనని అర్థమైంది. ఇంటికి చేరేసరికి ఎమరీ టాలివర్ లొరెన్ బిట్‌నర్ సొంత ఆవిష్కరణ అయిపోయాడు.

బుధవారం నాలుగింటికి అతను రాశాడు. "పొరబడ్డాను. టాలివర్ పరిగెత్తడు, ఎందుకంటే వాడు ముందే అక్కడుంటాడు. ఇలాంటి కన్నున్న ఆటగాణ్ణి ఇరవయ్యేళ్ళలో చూడలేదు. ఆ స్కాలర్‌షిప్పు వాడికే ఇవ్వాలి."

దీనికి చప్పట్లు పడతాయనుకున్నాడు.

"జనరల్‌గారి అకౌంటు ఎవరో దొంగిలించారు," అని మొదటివాడు. "మొన్న గుండె లేదన్నారు, ఇవాళ మొలిచిందా?" అని ఇంకొకడు. "వయసు మీద పడుతోంది పాపం, కళ్ళజోడు మార్పించండి" అని పిల్లి బొమ్మ పెట్టుకున్నవాడు. కోల్ హైన్స్ మేనమామ అని అందరికీ తెలిసిన ఒకడు, "మా కష్టజీవుల ఊళ్ళో నడిచేవాళ్ళకి చోటు లేదు" అని రాస్తే తొంభై మంది మెచ్చుకున్నారు. ఫిల్ మకావ్ సైతం, "ఏం చూసి మాట మార్చావు గురూ? ఆధారం?" అని అడిగాడు.

ఆధారం ఉంది. బయటపెడితే ఏమవుతుందో లొరెన్‌కి తెలుసు. నోరు మూసుకుని ఒక వారం నవ్వులపాలైతే చాలు, కుర్రాడు శనివారం వస్తాడు, కోచ్ చూస్తాడు. లొరెన్ అది గ్రహించాడు. గ్రహించి, రెండు గంటల యాభై నిమిషాలు ఓర్చుకున్నాడు. అతని జన్మలో అదే అత్యుత్తమ ఘట్టం.

ఏడుకి పది నిమిషాలుందనగా భార్య కింది నుంచి భోజనానికి పిలిచింది. అదే నిమిషంలో పిల్లి బొమ్మవాడు, "జనరల్ కాదు, హవల్దార్" అని రాశాడు.

లొరెన్ ఫోటో పెట్టాడు. కింద ఇలా రాశాడు. "నేను వాళ్ళింట్లో నిలబడి చూశాను. వాడితో మాట్లాడాను. మీరు?"

భోజనం చేసి వచ్చేసరికి మూడువందల నలభై మంది రాశారు. ఆ రాత్రి హాయిగా పడుకున్నాడు.

గురువారం పొద్దున్న తొమ్మిదింటికి షాపులో ఫోన్. ఎవరో చిన్న వయసు అమ్మాయి గొంతు. "బిట్‌నర్ గారా? నా పేరు ట్రేసీ ఆబెల్. కార్మోడీ స్టేట్ క్రీడా విభాగంలో నిబంధనల ఆఫీసు నుంచి చేస్తున్నాను."

లొరెన్‌కి క్రీడా విభాగం వరకే వినిపించింది. ఇరవయ్యేళ్ళుగా ఎదురుచూసిన ఫోన్ అది. వెండెల్‌ని బయటికి పొమ్మని సైగ చేసి, తలుపు వేసి, ఒక కార్పెట్ చుట్ట మీద కూర్చున్నాడు.

"చెప్పండమ్మా."

"మీరు ఆ అబ్బాయి ఇంటికి వెళ్ళారా సార్?"

"నేనే వెళ్ళాను. పనివాణ్ణి పంపొచ్చు. పంపలేదు. ఇలాంటివి స్వయంగా చూడాలి."

"ఆట గురించి మాట్లాడారా?"

"ఆట గురించే మాట్లాడాను! రాసుకోండి, మడమ సంగతి ఒకటుంది," అని మొదలుపెట్టాడు. అవతల టకటకా టైపు చేస్తున్న చప్పుడు వినిపించింది. అంత శ్రద్ధగా తన మాట ఎవరూ రాసుకోలేదు. భార్యైతే వినదు కూడా.

"కాలేజీకి రమ్మని అన్నారా సార్?"

ఇక్కడ ఇంకెవరైనా అయితే ఆగేవాళ్ళు.

"అనడమేమిటి, దాదాపు ఒప్పించేశాను," అన్నాడు లొరెన్. "వాడు ఊగిసలాడుతుంటే నేను కూర్చోబెట్టి నచ్చజెప్పాను."

"కార్పెట్ విషయంలో వాళ్ళకి ప్రత్యేకంగా తగ్గింపు ఏమైనా..."

"రాజుగారి కోటకి వేసినట్టు వేస్తాను. మామూలు పని కాదు."

నలభై నిమిషాలు మాట్లాడాడు. ఆమె ధన్యవాదాలు చెప్పింది.

"నా అభిప్రాయం కోచ్‌గారి దాకా వెళ్తుందా అమ్మా?"

"ఇవాళే వెళ్తుంది సార్," అంది ఆ అమ్మాయి.

శుక్రవారం మధ్యాహ్నం ఇంకో ఫోన్ వచ్చింది. వెండెల్ తీసి లొరెన్ చేతికిచ్చాడు.

"బిట్‌నర్ గారూ, ఒడెస్సా టాలివర్‌ని. కాలేజీ వాళ్ళు ఫోన్ చేశారు. రేపు రావద్దన్నారు. మళ్ళీ ఎప్పుడు రావాలండీ అన్నాను. మీ అబ్బాయికి మంచి భవిష్యత్తు ఉండాలని కోరుకుంటున్నాం అన్నారు."

లొరెన్ ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు.

"మీరు కాలేజీ మనిషా?"

"కాదమ్మా."

"మరేం చేస్తారు?"

"కార్పెట్లు అమ్ముతాను."

"మరి మీ మాట వాళ్ళెందుకు విన్నారు?"

ఎదురుగా వెండెల్ ఒక కార్పెట్ అంచు కత్తిరిస్తున్నాడు. కత్తి ఆపి, చెవి ఇటే పెట్టాడు.

"మాట్లాడకూడదని మీకు ముందే తెలుసా?" అని అడిగింది ఆమె.

"...తెలుసమ్మా."

"ఎమరీకి కూడా తెలుసు. వాళ్ళ స్కూల్లో కాగితం ఇచ్చారట. మీరు వెళ్ళాక నాతో అన్నాడు. ఆయన అలా మాట్లాడకూడదు నానమ్మా, కానీ పెద్దాయన కదా, మధ్యలో ఆపితే చిన్నబుచ్చుకుంటాడని ఊరుకున్నాను, అన్నాడు." ఆమె గొంతు పెరగలేదు. బస్సులో వెనక సీటు పిల్లలతో మాట్లాడే గొంతు కాబోలు, మెల్లగానే అంత దూరం వినబడుతోంది. "డకోటాలో ఏదో రెండేళ్ళ కాలేజీ ఉందట. పదహారు గంటల ప్రయాణం. అక్కడికి రాస్తున్నాడు ఇప్పుడు. మీ కార్పెట్ మాకొద్దు."

"అమ్మా, నేను కాలేజీ వాళ్ళతో..."

"మాట్లాడకండి," అంది ఒడెస్సా టాలివర్. "ఇంకెవ్వరితోనూ మాట్లాడకండి బాబూ. పుణ్యముంటుంది." ఫోన్ పెట్టేసింది.

వెండెల్ కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు. భోజనానికని వెళ్ళి ఆ పూట తిరిగి రాలేదు.

ఆదివారం కాలేజీ కోల్ హైన్స్‌ని ఖాయం చేసింది. ఊళ్ళో గాడిద జెండాలు ఎగిరాయి. ఆ తర్వాత శుక్రవారం లొరెన్‌కి కాలేజీ నుంచి రిజిస్టర్డు ఉత్తరం వచ్చింది. శనివారం పొద్దున్న దాన్ని టేబుల్ మీద పెట్టకుండానే ఉందామనుకున్నాడు. కోటు లోపలి జేబులోంచి దాని అంచు డుయేన్ కంట పడింది.

డుయేన్ లాక్కుని పైకి చదివాడు. "కార్మోడీ స్టేట్ క్రీడా ప్రయోజనాలకు ప్రతినిధి అయిన మీరు..." ఆగాడు. "ప్రతినిధి అన్నార్రా!"

"ఏదీ!" ఫిల్ కళ్ళజోడు తుడుచుకుని లాక్కున్నాడు. "పన్నెండేళ్ళుగా చందా ఇస్తున్నాను, నన్నెప్పుడూ ప్రతినిధి అన్లేదు వీళ్ళు. సంతకం చూడు. ముద్ర కాదు. సిరాతో చేశారు."

"మిగతాది చదవండి," అన్నాడు లొరెన్. "ఏడాది పాటు నాకూ జట్టుకీ ఏ సంబంధమూ ఉండకూడదట. టిక్కెట్లు కూడా వెనక్కి తీసుకున్నారు."

"అది వాళ్ళ ఫార్మాలిటీరా," అన్నాడు డుయేన్. మొదటి వాక్యాన్నే మళ్ళీ చదివాడు. అతని ముఖంలో అసూయ దాచినా దాగలేదు. "కుర్రాణ్ణి మన ఊరి వైపు రాకుండా ఆపింది నువ్వేగా, చివరికి. ఒక్క ఫోటోతో. కోల్ వాళ్ళ నాన్న నీకు థాంక్స్ చెప్పాలని తిరుగుతున్నాడు."

లొరెన్ ముందు రొట్టె అలాగే ఉంది. ఇవాళ వెన్న రాయలేదు. హార్లన్ జంక్షన్ మీదుగా రెండుసార్లు వెళ్ళాడు ఈ వారం. ఇంటి ముందు ఆగలేదు. ఎందుకెళ్ళాడో భార్యకి చెప్పలేదు.

ఫిల్ తన ఫోన్ టేబుల్ మధ్యలో నిలబెట్టాడు. "సరే, అది పాత కథ. వచ్చే ఏడాదికి ఒహాయో కుర్రాడొకడిని చూస్తున్నారట. ఇది చూడు జనరల్. నీ కన్నేమంటోంది?"

చిన్న తెర మీద ఒక కుర్రాడు ఎగిరి బంతి బుట్టలో కుక్కాడు. మళ్ళీ ఎగిరాడు, మళ్ళీ కుక్కాడు. పాట మోగుతోంది. అందరూ పరిగెత్తుతున్నారు. లొరెన్ చివరిదాకా చూశాడు. తర్వాత ఇంకోసారి చూశాడు. ఆ కుర్రాడు ఏం చూస్తున్నాడో, దేన్ని ముందే పసిగట్టాడో, ఎవరి మడమ ఎటు లేచిందో ఏమీ కనబడలేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ కనబడలేదేమో అనిపించింది.

"నాకు తెలీదు," అన్నాడు.

ఇద్దరూ అతని వైపు చూశారు. ఆ టేబుల్ దగ్గర ఆ మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు.

"తెలీదంటే?"

"తెలీదు. చూస్తే నాకేం తెలీట్లేదు. నిజానికి..." మాట కోసం వెతుక్కున్నాడు. "నిజానికి నాకెప్పుడూ తెలీలేదురా."

రోండా కాఫీ కూజాతో వచ్చి, పోయకుండా, లొరెన్ ముఖంలోకి చూస్తూ నిలబడింది.

అప్పుడు డుయేన్ ముందుకి వంగి గొంతు తగ్గించాడు. "చెప్పకూడదు కదూ?"

"ఏది?"

"ప్రతినిధివి కదా ఇప్పుడు. రాతపూర్వకంగా. నోరు విప్పకూడదు. అర్థమైంది, అర్థమైంది." కన్ను కొట్టాడు. "మేం అడగలేదు, నువ్వు చెప్పలేదు."

"కాదురా, నిజంగానే తెలీదు."

"అబ్బ, ఎంత బాగా చెప్తున్నాడో చూడు," అన్నాడు ఫిల్ మెచ్చుకోలుగా. అతని బొటనవేళ్ళు అప్పటికే టేబుల్ కింద ఆడుతున్నాయి. రోండా కాఫీ పోసి వెళ్ళేలోగా చర్చావేదికలో కొత్త శీర్షిక పడింది. "ఒహాయో కుర్రాడి మీద జనరల్ మౌనం. ఏదో పెద్దదే ఉంది!" కింద నలభై ఆరుగురు రాశారు. జనరల్ ఊరికే మౌనంగా ఉండరని ఒకడు. మొన్న టాలివర్ విషయంలో కూడా అంతా ఒక ఎత్తుగడ ప్రకారమే చేశారని ఇంకొకడు. దండాలయ్యా, ఆ కన్నుకి, అని పిల్లి బొమ్మవాడు.

ఫిల్ ఆ తెర లొరెన్ ముందుకి జరిపాడు.

లొరెన్ చదివాడు. తెలీదని మూడోసారి చెప్పడానికి నోరు తెరిచాడు. అంకె యాభై ఎనిమిదైంది. చూస్తుండగానే అరవై ఒకటైంది. నోరు మూసుకుని, రొట్టెముక్క దగ్గరికి లాక్కుని, వెన్న రాయడం మొదలుపెట్టాడు.